చచ్చాక వచ్చిన ఉద్యోగం

ఉద్యోగులకు విశ్వాసం నేర్పాలనుకునే పెద్దలు కుక్కను చూసి నేర్చుకోమంటారు. మంచిదే. అయితే అందరికంటే పేరుపడ్డ ఆ ఉద్యోగి సర్వీసు రిజిస్టరు ఒకసారి తిరగేయాలని నా మనవి.

పేరు నిప్పర్. 1884లో ఇంగ్లాండులోని బ్రిస్టల్‌లో పుట్టింది. ఇంటికొచ్చినవాళ్ల పిక్కలు పట్టేసే అలవాటు వల్లే ఆ పేరు పెట్టారట. హెచ్.ఎం.వి. (హిజ్ మాస్టర్స్ వాయిస్) గ్రామఫోన్ రికార్డుల మీద, బూర ముందు తల ఓరగా వంచి కూర్చున్న బుద్ధిమంతుడు ఇదే. యజమాని మార్క్ బరాడ్ 1887లో పోయాక, ఆయన సోదరుడు, చిత్రకారుడు ఫ్రాన్సిస్ దాన్ని చేరదీశాడు. 1895లో నిప్పరూ పోయింది. అప్పటికి దాని అనుభవమల్లా పిక్కలే.

ఉద్యోగం ఆ తర్వాత వచ్చింది.

అది పోయిన మూడేళ్లకు, చనిపోయిన యజమాని గొంతు యంత్రంలో వింటున్నట్టుగా ఫ్రాన్సిస్ దాని బొమ్మ వేశాడు. ముందున్నది గ్రామఫోన్ కాదు, మైనపు గొట్టం తిరిగే ఫోనోగ్రాఫ్. ఆ యంత్రం అమ్మేవాళ్లు బొమ్మను వద్దన్నారు. 'కుక్కలు ఫోనోగ్రాఫ్ వినవు' అన్నారని చెబుతారు. (ఇంటర్వ్యూలో ఇంత నిజాయితీగా మాట్లాడిన యాజమాన్యం మళ్లీ పుట్టలేదు.) బొమ్మకు కాస్త మెరుపు తెద్దామని, ఆయన ఒక ఇత్తడి బూర అరువు అడగడానికి గ్రామఫోన్ కంపెనీకి వెళ్లాడు. బొమ్మ మేమే కొంటాం, కాకపోతే అందులో మా యంత్రం పెట్టండి అన్నారు వాళ్లు. 1899లో బేరం కుదిరింది. బొమ్మకు 50 పౌన్లు, హక్కులకు 50. ఫోనోగ్రాఫ్ మీద రంగు పూసి గ్రామఫోన్ దించారు. తగిన వెలుతురులో చూస్తే అడుగున పాత యంత్రం ఇప్పటికీ లీలగా కనిపిస్తుంది. యాజమాన్యం మారింది, యంత్రం మారింది, తల మాత్రం అదే కోణంలో ఉంది. ఆదర్శ ఉద్యోగి అంటే ఇదీ!

ఇక్కడో చిన్న సాంకేతిక చిక్కుంది. ఫోనోగ్రాఫ్‌లో ఇంట్లో కూర్చుని మన గొంతు మనమే రికార్డు చేసుకోవచ్చు. కాబట్టి చనిపోయిన యజమాని గొంతు అందులోంచి వచ్చిందంటే నమ్మొచ్చు. గ్రామఫోన్‌కు ఆ వీలు లేదు, కంపెనీ అచ్చువేసిన రికార్డే పాడుతుంది. అంటే మార్పు చేశాక నిప్పర్ వింటున్నది మార్క్ గొంతు కాదు, కంపెనీ గొంతు. బొమ్మ పేరు మాత్రం 'యజమాని గొంతు' అనే ఉంచారు. తప్పేముంది, యజమాని మారాడంతే.

ఫ్రాన్సిస్ ఆ బొమ్మనే మరో 24 సార్లు వేసిచ్చాడు. చివర్లో కంపెనీ ఆయనకు పింఛను కూడా ఇచ్చింది. నిప్పర్ ఖాతాలో ఎముక ముక్క కూడా పడలేదు. అడిగే అలవాటున్న మనిషి కాదు పాపం.

దాన్ని కింగ్‌స్టన్ అపాన్ థేమ్స్‌లో ఒక చెట్టు కింద పాతిపెట్టారు. తర్వాత ఆ స్థలంలో బ్యాంకు లేచింది, గుర్తుగా ఒక ఫలకం పెట్టారు. పని మీద వచ్చినవాళ్లు దాని నెత్తి మీదుగా నడిచారు. అన్ని పిక్కలు! ఒక్కదాన్నీ పట్టలేదు.