‘నాకు 18 ఏళ్లు నిండాయి’ అనే టిక్ బాక్సు గారికి

మహారాజశ్రీ టిక్ బాక్సు గారికి,

విజయవాడ సత్యనారాయణపురం నుంచి ఏడో తరగతి పిల్ల తండ్రి నమస్కరించి వ్రాయునది. ఇక్కడ మేమంతా క్షేమం. తమరూ క్షేమమేనని మొన్న మా అమ్మాయి ఫోన్‌లో చూసి తెలుసుకున్నాను.

ఏదో యాప్ పుట్టిన సంవత్సరం అడిగితే మా పిల్ల బొటనవేలితో ఒక్క తోపు తోసింది. అంకెలు గిరగిరా తిరిగి 1984 దగ్గర ఆగాయి. “ఏమే, మీ అమ్మకన్నా పెద్దదానివా?” అన్నాను. “కిందకి పోయింది నాన్నా, మళ్లీ పైకి ఎవరు తోస్తారు?” అని మీ నెత్తిన టిక్ కొట్టింది. తమరు కిక్కురుమనలేదు. నెహ్రూ బస్టాండులో బండ్ల స్టాండు కుర్రాడు కూడా టోకెన్ చూపిస్తే గానీ బండి వదలడండీ!

ఢిల్లీలో చట్టం లేదని కాదు. 2023 నాటి డిజిటల్ వ్యక్తిగత డేటా రక్షణ చట్టం ప్రకారం 18 నిండనివాళ్లంతా పిల్లలే. వాళ్ల వివరాలు తీసుకోవాలంటే అమ్మానాన్నల అనుమతి కావాలి, అదీ నిజమేనని సరిచూసుకోవాలి. పిల్లలు ఏం చూస్తున్నారో వెంటపడి కనిపెట్టకూడదు, వాళ్లకి గురిపెట్టి ప్రకటనలు వేయకూడదు. తప్పితే జరిమానా 200 కోట్ల దాకా. నిబంధనలు 2025 నవంబరు 14న, సరిగ్గా బాలల దినోత్సవం నాడు వచ్చాయి. ఈ అనుమతి సంగతికి మాత్రం 18 నెలల గడువిచ్చారు. అంటే 2027 మే దాకా తమరి సర్వీసుకి ఢోకా లేదు.

ఆ తర్వాతైనా రిటైర్‌మెంట్ బెంగ పెట్టుకోకండి. నిబంధనల్లో ఇచ్చిన ఉదాహరణలు చూశాను. ‘నేను చిన్నపిల్లని’ అని పిల్ల తనే చెబుతుంది, లేదా తల్లో తండ్రో వచ్చి ‘ఇది మా పిల్ల ఖాతా’ అంటారు. కథ అక్కణ్ణుంచే మొదలు. 1984లో పుట్టిన మా ఏడో తరగతి పిల్ల ఆ కథలో లేదు.

పెద్దవాళ్ల అనుమతంటారా? మా నాన్న కళ్లజోడు నుదుటికెక్కించి, ఓటీపీ ఆరంకెలూ వీధిలో పాలవాడికి కూడా వినబడేలా చదివారు. “దేనికమ్మా ఇది?” అని ఆయన అడిగింది చదివేశాకే.

నింద మీ ఒక్కరి మీదే వేయను లెండి. ఫలితాల సీజన్‌లో బెంజి సర్కిల్ దాకా వెళ్లి చూస్తే పిల్లల ఫొటో, పేరు, ర్యాంకు, హాల్‌టికెట్ నంబరు అన్నీ ఫ్లెక్సీ మీద ఎండలో ఆరేసి ఉంటాయి. పోయినేడు మా పెద్దది పదో తరగతి చివరి పరీక్ష రాసి ఇంటికి రాకముందే ఓ కాలేజీ పీఆర్‌వో ఫోన్. “పాప మ్యాథ్స్ ఎలా రాసిందండీ?” నా నంబరు ఎవరిచ్చారయ్యా అంటే, “మా దగ్గర డేటా ఉంటుంది సార్” అన్నాడు, ఇడ్లీ వేడిగా ఉంది సార్ అన్నంత మామూలుగా. పాపం, ఆయనకి మీపాటి టిక్ బాక్సు కూడా లేదు.

చిన్నదానికి మాత్రం వయసుకి తగ్గట్టే ప్రకటనలు వస్తున్నాయి. మోకాళ్ల నొప్పుల నూనె, హోమ్ లోన్. నిన్న అన్నం తింటూ, “నాన్నా, టర్మ్ ఇన్సూరెన్స్ అంటే ఏంటి?” అని అడిగింది.

ఇట్లు,
‘నిబంధనలన్నీ చదివాను, ఒప్పుకుంటున్నాను’ అని మీ పక్క బాక్సులో టిక్ పెట్టిన ఒక తండ్రి