వయొలిన్ క్లాసులో పాడిస్తున్నానంట!

ఒక నాన్నగారు ఇప్పుడే ఫోన్ పెట్టేశారు. నా బీపీ ఇంకా దిగలేదు. "మేడమ్, మేం పాపను చేర్పించింది వయొలిన్‌కి. మీరేమో సగం క్లాసు పాడిస్తున్నారంట. గాత్రం ఫీజు కూడా కలిపి తీసుకుంటున్నారా ఏంది?" అని. పైగా నవ్వొకటి.

అయ్యా, వయొలిన్‌కి వీణలా మెట్లుండవు. వేలు ఎక్కడ పెట్టాలో చెప్పాల్సింది చెవే. మాయామాళవగౌళ రాగంలో శుద్ధ రిషభం (రి) షడ్జాన్ని (స) ఆనుకునే ఉంటుంది. మీ పాప వేలు అక్కడ ప్రతిసారీ వెంట్రుకవాసి పైకి పోతోంది. "కిందికి జరుపమ్మా" అంటే మరీ కిందికి. వయొలిన్ పక్కన పెట్టించి, ఫోన్లో తంబూర పెట్టి, స రి పాడమన్నా. నోట్లోనూ అదే తప్పు! వేళ్లను తిట్టి ఏం లాభం? గొంతులో రిషభం కుదిరాక వయొలిన్ ఇస్తే, వేలు తనంతట తానే చోటు వెతుక్కుంది.

ఆయన వైద్యం వేరే. యూట్యూబ్ చూసి ఫింగర్‌బోర్డు మీద రంగు టేపులు అంటించి పంపారు. సరే సార్, రేపు తోడి రాగం వస్తుంది. అందులో గాంధారం (గ) ఒక్కచోట నిలవకుండా ఊగుతుంది. దానికి ఏ రంగు? ఊగే టేపు మన తిరుపతి బైరాగిపట్టెడలో ఎక్కడైనా దొరికితే నాక్కూడా ఒక చుట్ట తెచ్చిపెట్టండి.

హంగేరీలో జోల్తాన్ కొడాయ్ (1882–1967) అనే ఆయన, వాద్యం పట్టుకునే ముందే పిల్లలు పాడాలని మొత్తుకున్నాడు. ఫారిన్ ఆయన చెప్తే మెథడ్, తిరుపతి టీచర్ చెప్తే ఫీజు గొడవ! అంత దూరం ఎందుకు, మన అన్నమయ్య రాగిరేకుల మీద రాగం పేరు, సాహిత్యమే ఉన్నాయి, స్వరాలు లేవు. మనం వాయించే కీర్తనలకు మాటే ప్రాణం. ఆ మాట నోట్లో ఆడకపోతే "వేం" దగ్గర ఒక కమాను (అదే, వయొలిన్ బో) లాగుడు, "కటేశ" దగ్గర ఇంకో లాగుడు. స్వామి పేరునే రెండు ముక్కలు చేస్తారు. పర్వాలేదు, బర్త్‌డేకి సినిమా పాట వస్తే చాలు కదా, ఫ్యామిలీ గ్రూపులో పెట్టుకోడానికి.

పోనీ, తల్లిదండ్రులకు తెలీదనుకుందాం. సభలు నడిపేవాళ్లకేమైంది? కచేరీలో గాయకురాలు ఆలాపన ఎత్తుకుంటే, పక్కన వయొలిన్ పట్టుకు కూర్చున్న మా ముందు కాగితం ఉండదు. తర్వాతి సంగతి ఏమిటో ఒక్కోసారి ఆవిడకే తెలీదు. విన్నది విన్నట్టు లోపల పాడుకుంటూనే కమాను కదపాలి. ఇంత చేస్తే ఉగాది కచేరీ ఆహ్వానపత్రికలో ఆవిడ ఫొటో అరపేజీ, మృదంగం ఆయన పేరులో అచ్చుతప్పు, నేను "తదితరులు"! స్టేజీ మీదేమో "మేడమ్, శాలువా ఒకటి తక్కువైంది, రేపు ఇంటికి పంపిస్తాం" అన్నారు.

ఉగాది పోయి వినాయక చవితి వచ్చింది. తిరుచానూరు సభ నుంచి ఎం.ఆర్.పల్లిలో మా ఇంటికి ఆ శాలువా మోకాళ్ల మీద బయల్దేరినట్టుంది.