పొదుపు నేర్పడానికి మనమెవరం?

ఈసారి మన అసోసియేషన్ ఉగాది వేడుకల్లో పంచాంగ శ్రవణం అయ్యాక, భోజనాల క్యూ మొదలవకముందు, తెర మీద ఒక ప్రెజెంటేషన్ వేశారు. కర్నూలు జిల్లా పల్లెల్లో ఆడవాళ్లకు పొదుపు నేర్పే కార్యక్రమానికి విరాళాలు కావాలట. నెత్తిన బిందె పెట్టుకున్న ఒకావిడ ఫొటో. చప్పట్లు బాగానే పడ్డాయి. నాకు మాత్రం పులిహోర సహించలేదు.

మాది అదే జిల్లాలో ఓర్వకల్లు మండలం. 1990ల మధ్యలో అక్కడ పొదుపు సంఘాలు ఊరూరా లేచాయి. రోజుకు రూపాయి, నెలకు 30. మా పెద్దమ్మ మొదటి లీడరు. సంతకం రాదు, వేలిముద్రే. అయినా ఎవరు ఏ నెల బాకీ ఉన్నారో పుస్తకం తెరవకుండా చెప్పేది. మీటింగుకు రాకపోతే జరిమానా. బుడ్డలు (వేరుశనగ) పీకడానికి పోయి ఆలస్యమైందన్నా వినేది కాదు, సొంత కోడలికే వేసింది. ఒక ఏడు విత్తనాలకు సంఘం పెట్టెలోంచి కొంచెం సర్దమని పెద్దనాన్న అడిగితే, “ఆ దుడ్డు నాది కాదు, సంగానిది” అంది. ఆయన అలిగి ఆ పూట తిండి మానేశాడు. ఈమె పట్టించుకోలేదు.

బ్యాంకు కూడా వీళ్లకు కొత్తేం కాదు. గ్రామీణ బ్యాంకులు దేశంలో మొదలైంది 1975 అక్టోబరు 2న. మరుసటి ఏడాదే కడపలో రాయలసీమ గ్రామీణ బ్యాంకు, 1979లో అనంతపురంలో శ్రీ అనంత గ్రామీణ బ్యాంకు వచ్చాయి. రెండింటి వెనకా ఉన్నది, 1928లోనే ఇంటింటికీ తిరిగి రోజుకు రెండేసి అణాల పొదుపు వసూలు చేసే పిగ్మీ పథకం పెట్టిన సిండికేట్ బ్యాంకు. 2006లో ఈ రెండూ నెల్లూరు పినాకిని గ్రామీణ బ్యాంకుతో కలిసి కడప కేంద్రంగా ఆంధ్ర ప్రగతి గ్రామీణ బ్యాంకు అయ్యాయి. 2025 మే 1 నుంచి రాష్ట్రమంతటికీ ఒకటే గ్రామీణ బ్యాంకు, హెడ్డాఫీసు అమరావతిలో. బోర్డు మీద పేరు మారినప్పుడల్లా పెద్దమ్మ పాసుబుక్కు మార్చుకుంది. ఆరు నెలలు పొదుపు చేసి చూపిస్తేనే సంఘానికి లోను. మనలో ఎంతమందికి ఆ షరతు మీద కారు లోను వచ్చేది?

ఊరిని వెనకేసుకు రావడం నాకు అలవాటు లేదు. లోను పెళ్లికి పెట్టినవాళ్లున్నారు. మాఫీ వస్తుందని కంతులు ఆపినవాళ్లూ ఉన్నారు. మైక్రోఫైనాన్స్ కంపెనీల దగ్గర ఒక అప్పు తీర్చడానికి ఇంకో అప్పు చేసి, 2010లో ఆ కంపెనీలను కట్టడి చేస్తూ ప్రభుత్వం ఆర్డినెన్స్ తెచ్చేదాకా నలిగిపోయినవాళ్లూ ఉన్నారు. అందులో చాలామంది నెలనెలా పొదుపు కట్టినవాళ్లే. వాన పడని ఏడు ఏ పొదుపు మాత్రం నిలుస్తుంది?

కిందటి గాలా నైట్ లెక్కలు ఇంకా మనకు అందలేదు, ఆ సంగతి వేరు. పెద్దమ్మ సంఘంలో అయితే జరిమానా పడేది.

పోయిన వారం ఫోన్లో పెద్దమ్మకు ఈ పొదుపు నేర్పే కార్యక్రమం గురించి చెప్పాను. చాలాసేపు నవ్వింది. “పచ్చళ్లు, జొన్నరొట్టెలు చేసే పిల్లలున్నారు, మీ ఊళ్లో కొనేవాళ్లుంటే చెప్పు” అంది.

కాబట్టి కార్యవర్గానికి నా విన్నపం ఇది. వసూలైన డబ్బుతో ట్రైనర్లను పంపకండి. ముందు అక్కడి పొదుపు సంఘాలన్నీ కలిసిన మండల సమాఖ్యకు ఫోన్ చేసి, ఏం కావాలో వాళ్లనే అడగండి. వచ్చే సమావేశం ఎజెండాలో ఈ అంశం పెట్టమని కార్యదర్శిగారిని కోరుతున్నాను. మాట్లాడేటప్పుడు పెద్దమ్మను లైన్లోకి నేను తీసుకుంటాను.