సవరణ: అయస్కాంత స్ఫటికాలు, మామ్‌కే ప్రొటీన్

తమ కణంలోనే అయస్కాంత స్ఫటికాలను తయారుచేసుకునే అయస్కాంత బ్యాక్టీరియా గురించిన నా గత పోస్టులో, ఆ మాగ్నెటైట్ (అయస్కాంత గుణమున్న ఇనుప ఆక్సైడ్) స్ఫటికాల ఆకారాన్ని మామ్‌కే ప్రొటీన్ నిర్ణయిస్తుందని రాశాను. అది తప్పు.

మామ్‌కే పని స్ఫటికాలను వరుసలో నిలపడం. మన కణాలకు ఆకారాన్నిచ్చే తంతువులను ఏర్పరిచే యాక్టిన్ అనే ప్రొటీన్‌ను పోలిన మామ్‌కే కణంలో సన్నని తంతువులుగా సాగుతుంది. దాని జన్యువును తొలగిస్తే గొలుసులా ఉన్న స్ఫటికాల వరుస చెదిరిపోతుంది, కానీ స్ఫటికాలు తయారవుతూనే ఉంటాయి. 2006లో వెలువడిన పరిశోధన చూపింది ఇదే.

ఆకారం, పరిమాణం విషయంలో ముఖ్యమైనది ఎంఎంఎస్6 అనే మరో ప్రొటీన్. జపాన్ పరిశోధకులు 2003లో ఏఎంబీ-1 రకం బ్యాక్టీరియాలో, స్ఫటికాలకు గట్టిగా అంటుకుని ఉన్న దీన్ని గుర్తించారు. దాని ఒక కొసన ఉండే ఆమ్ల స్వభావం గల భాగం ఇనుప అయాన్లను పట్టుకుంటుంది. అసలు అద్భుతం ఏమిటంటే, పరీక్షనాళికలో ఇనుప లవణాల ద్రావణానికి దీన్ని కలిపినా దాదాపు ఒకే సైజు మాగ్నెటైట్ రేణువులు వస్తాయి! అయితే బ్యాక్టీరియాలో ఇది ఒంటరిగా పనిచేయదు, మరికొన్ని ప్రొటీన్లూ తోడుంటాయి.

పాత పోస్టును షేర్ చేసినవాళ్లు దీన్నీ జత చేయండి.