గుడ్లు పగలని కారు, గుండెలు పగిలే నిజాలు

సమాజ శ్రేయస్సు కోరి ఈ నాలుగు ముక్కలు రాస్తున్నాను. పాత కార్లతో నాకు పగ ఏమీ లేదు. కానీ సిత్రోయెన్ 2సీవీ అనే ఫ్రెంచి బండిని చూసి జనం ఇంకా మురిసిపోతూనే ఉన్నారు. ఎవరో ఒకరు గట్టిగా చెప్పక తప్పదు.

తప్పు పునాదిలోనే జరిగింది. 1930ల్లో సిత్రోయెన్ కంపెనీని నడిపిన పియెర్ బూలాంజె తన ఇంజనీర్లను కోరినదేమిటో చూడండి. ఇద్దరు రైతులు, 50 కిలోల బంగాళాదుంపలు పట్టాలి. గంటకు 60 కిలోమీటర్లు వెళ్లాలి. వంద కిలోమీటర్లకు మూడు లీటర్ల పెట్రోలుతో సరిపెట్టుకోవాలి. పైగా గంపెడు గుడ్లతో దున్నిన పొలానికి అడ్డం పడి వెళ్లినా ఒక్క గుడ్డూ పగలకూడదట! కొన్నవాడి హోదా ఎంత పెరగాలి, ఎదురింటివాడి కడుపు ఎంత మండాలి అన్న ముఖ్యాంశాల ఊసే లేదు. అవసరం ఏమిటో ముందు అడిగి, తర్వాత బండి తయారుచేయడమా? మన కాలంలో బండి ముందు తయారవుతుంది. దాని అవసరాన్ని ప్రకటనల విభాగం తీరిగ్గా కనిపెడుతుంది.

యుద్ధం వల్ల ఆలస్యమై, 1948లో పారిస్ మోటారు ప్రదర్శనలో ఆ బండి బయటపడింది. 2సీవీ అంటే ఫ్రెంచిలో రెండు గుర్రాలు, అంటే రెండు హార్స్ పవర్. పన్ను లెక్క ప్రకారం పేరులో ఉన్నవి ఆ రెండు గుర్రాలే, 375 సీసీ ఇంజనులో ఉన్నవి తొమ్మిది. లేని గొప్ప చెప్పుకోవలసిన చోట ఉన్నదాన్ని తగ్గించి చెప్పుకోవడం వ్యాపార ధర్మమేనా? ఆ ఇంజను గాలికే చల్లబడుతుంది, కాబట్టి రేడియేటరు లేదు. లేని రేడియేటరు కారదు, లేని నీరు గడ్డకట్టదు. మెకానిక్ పొట్ట కొట్టడానికి ఇంతకన్నా కుటిలమైన ఎత్తుగడ ఉంటుందా!

తొలి బళ్లలో పెట్రోలు ముల్లు కూడా లేదు, ట్యాంకులో పుల్ల ముంచి చూసుకోవాలి. ఇక వైపర్లను స్పీడోమీటరు కేబులే ఆడించేది. బండి జోరందుకుంటే అవీ జోరందుకునేవి, బండి ఆగితే చేత్తో తిప్పుకోవలసిందే. వానలో మనిషి చేయి కదపవలసి రావడం ఎంత అవమానం! నేటి కారులో ఆ చేతికి అంత శ్రమ లేదు. వైపరు గుర్తు తెర మీద ఏ మూల నక్కిందో వెతకడానికి ఒక్క వేలు చాలు. అంతసేపూ రోడ్డు సంగతి దేవుడు చూసుకుంటాడు.

సీట్ల విషయం మరీ ఘోరం. అవి ఊడి వస్తాయి. జనం వాటిని గడ్డి మీద వేసుకుని కూర్చుని భోజనాలు చేసేవారు. కారుకు ఇవ్వవలసిన మర్యాద ఇదా? నేటి సీటు ఊడదు. పైగా సీటు వెచ్చబడాలంటే నెలనెలా చందా కట్టే ఏర్పాటును ఒక ఖరీదైన కార్ల సంస్థ 2022లో కొన్ని దేశాల్లో తెచ్చింది. సొంత సీటులో కూర్చుని దాని వెచ్చదనానికి అద్దె కట్టడం! ఇంతటి ఆలోచన బూలాంజెకు కలలోనైనా వచ్చిందా? జనం గొణిగితే మరుసటి ఏడే ఆ సంస్థ వెనక్కి తగ్గింది. గొప్ప ఆలోచనలకు కాలం ఎప్పుడూ కలిసిరాదు.

ఇన్ని లోపాలున్నా ఆ బండి కోసం జనం ఏళ్ల తరబడి వేచి ఉన్నారు. ఒక దశలో వాడిన బండి కొత్తదానికన్నా ఎక్కువ ధర పలికింది. 1990లో పోర్చుగల్‌లో ఆఖరి బండి బయటికి వచ్చేసరికి మొత్తం 38 లక్షలు దాటాయి. 42 ఏళ్లు దాదాపు అదే ఆకారం! ఏటా ఒక కొత్త దీపమో కొత్త మూతో పెట్టి, నిరుటి బండి కొన్నవాడిని సిగ్గుపడేలా చేయాలన్న ఇంగితం లేకపోయింది.

ఒక్క ఊరట ఉంది. ఈమధ్య ఆ బండికి అసలైన కారు లక్షణాలు అబ్బుతున్నాయి. సేకరణకర్తలు కొందరు దాన్ని మంచి ధర పెట్టి కొని, మెరుగులు దిద్ది, ముసుగు కప్పి షెడ్డులో భద్రంగా ఉంచుతున్నారు. వాన పడితే బయటికి తీయరు. దున్నిన పొలం దరిదాపులకు పోనివ్వరు. గుడ్ల గంపతో ఎవరైనా దగ్గరికి వస్తే, తొడుగు మాసిపోతుందని కంగారుగా అడ్డం పడతారు.