వేలిముద్ర గారికి ఒక సంతకందారు లేఖ

గుంటూరు.

మహారాజశ్రీ వేలిముద్ర గారికి,

ఉభయకుశలోపరి. రాయునది ఏమనగా, మీ హోదా పెరిగినందుకు ముందుగా అభినందనలు. మా తాత కాలంలో మీరు స్టాంప్ ప్యాడ్ పక్కన తలొంచుకుని నిలబడేవారు. మనిషిని తిట్టాలంటే "వేలిముద్రగాడు" అంటే చాలు. రాత్రిబడి పెట్టి మిమ్మల్ని వదిలించుకోవడమే చదువనుకున్నాం. ఇప్పుడు పొద్దున్నే ఇంజినీరు కూడా మీకు మొక్కితేగానీ హాజరు పడదు. సిమ్ కార్డు, రిజిస్ట్రేషన్, రేషన్ బియ్యం, అన్నిటికీ మీరే!

మా వీధిలో ఒక పిన్ని ముప్పై ఏళ్లుగా మిర్చి తొడిమలు తీస్తోంది. పల్నాడు తండా మనిషి, ఇంట్లో లంబాడీ మాట్లాడతారు. చిన్నప్పుడు బడికి పంపితే పంతులు చెప్పిన తెలుగు ముక్క అర్థం కాలేదట. రెండోరోజు వెళ్లలేదు. (సవర తెగ పిల్లలకు వాళ్ల సవర భాషలోనే చెప్పాలని గిడుగు రామమూర్తి పంతులు వందేళ్ల కిందటే పుస్తకాలు రాసి బళ్లు పెట్టారు. ఆ సంగతి ఆ తండాదాకా రాలేదు.) నలభై దాటాక వయోజన విద్యలో సంతకం నేర్చుకుంది. రేషన్ షాపులో పెన్ను తీసింది.

"పెన్నెందుకమ్మా, వేలు పెట్టు."

పెట్టింది. పడలేదు. చీరకు తుడిచి, కొబ్బరినూనె రాసి, వేళ్లన్నీ వరసగా పెట్టింది. తొడిమలకు గీతలు అరిగిపోయాయి. మిషన్‌కు చదవడం రాలేదు.

2011 జనాభా లెక్కల్లో ఏడేళ్లు నిండి, ఏదో ఒక భాషలో అర్థం చేసుకుంటూ చదివి రాయగలిగితే అక్షరాస్యులే. అలా దేశానికి 73 శాతం, కేరళకు 94, బీహార్‌కు 62, షెడ్యూల్డ్ తెగలకు 59, మన గుంటూరు జిల్లాకు 67 వచ్చాయి. 2021లో మళ్లీ లెక్కపెట్టాలి, పెట్టలేదు. 2011లో ఏడేళ్లున్న పిల్లకు ఇప్పుడు సంబంధాలు చూస్తున్నారు, మనం మాత్రం ఆ పాత మార్కులే చెప్పుకుంటున్నాం.

ఆ "ఏదో ఒక భాష" ఉంది చూశారూ, అక్కడే చిక్కంతా. పాతగుంటూరులో ఉర్దూ పేపరు గడగడా చదివే పెద్దాయన బ్యాంకులో ఇంగ్లిష్ ఫారం ముందు తెల్లమొహం వేస్తాడు. బీహార్ నుంచి పనికొచ్చిన కుర్రాడికి హిందీ వచ్చు, బస్సు మీద తెలుగు బోర్డు రాదు. లెక్కల్లో ఇద్దరూ పాసే.

నా సంగతీ చెప్పేస్తాను. ఎమ్మే చదివాను. ఇంటి లోను తీసుకున్నప్పుడు అరవై పేజీల కట్ట ముందు పెట్టి, పెన్సిల్‌తో ఇంటూ కొట్టిన చోటల్లా సంతకం పెట్టమన్నారు. పెట్టాను. ఒక్క పేజీ చదివితే ఒట్టు.

ఆ రోజు పిన్ని మనవడి ఫోన్‌కు ఓటీపీ వచ్చింది. మెసేజ్ ఇంగ్లిష్‌లో ఉంది. నేనే చదివి అంకెలు చెప్పాను. బియ్యం సంచీ ఎత్తుకుంటూ అడిగింది: "మిగతాదంతా ఏం రాశార్రా అబ్బాయ్?"

చూడలేదు పిన్నీ అన్నాను.

ఇట్లు,
సంతకం వచ్చిన మీ వేలిముద్రగాడు