ఏడాదికి పన్నెండు ఆషాఢాలు

యూరోపియన్ పార్లమెంటుకు కాపురాలు రెండు. రోజువారీ పనంతా బ్రస్సెల్స్‌లో, నెలవారీ సభ ఫ్రాన్సులోని స్ట్రాస్‌బర్గ్‌లో. మధ్య దూరం 400 కిలోమీటర్ల పైమాటే. సభ దగ్గర పడగానే బ్రస్సెల్స్ వరండాల్లో ట్రంకుపెట్టెలు బారులు తీరతాయి. ఫైళ్లు సర్దుతారు, లారీ ఎక్కిస్తారు. వెనకే 700 మందికి పైగా సభ్యులు, వాళ్ల సహాయకులు, అనువాదకులు. నాలుగు రోజులకు అవే పెట్టెలు, అదే దారిన వెనక్కి. మన కొత్త కోడలికి పుట్టింటికి పోయేందుకు ఒక్క ఆషాఢమే, వీళ్లకు ఏడాదికి 12. మానేయొచ్చుగా అంటారా? ఒప్పందంలో రాసుకున్నారు, మార్చాలంటే ఫ్రాన్సు కూడా తలూపాలి. (ఊపుతుందా, హోటళ్లు ఖాళీ అయిపోవూ!)

2019 నవంబరులో ఈ సభ 'వాతావరణ ఎమర్జెన్సీ' ప్రకటించింది. ఎక్కడనుకున్నారు? స్ట్రాస్‌బర్గ్‌లోనే.

2023 ఏప్రిల్‌లో సీబామ్ (కార్బన్ బోర్డర్ అడ్జస్ట్‌మెంట్ మెకానిజం) చట్టానికి ఓటేసిందీ అక్కడే. ఉక్కు, అల్యూమినియం, సిమెంటు, ఎరువుల్లాంటివి బయటి నుంచి వస్తే, తయారీలో వెలువడిన కార్బన్‌కు ధర కట్టాలి. 2026 జనవరి నుంచి మీటరు తిరగడం మొదలు. దీన్ని పన్ను అనకూడదట, 'అడ్జస్ట్‌మెంట్' అనాలట. రైల్లో ముగ్గురి సీట్లోకి అయిదోవాడు దూరుతూ "కొంచెం అడ్జస్ట్ అవ్వండి" అంటాడే, అదే. కాకపోతే వీళ్లు టికెట్ డబ్బులు కూడా మననే అడుగుతున్నారు.

యూరప్ వెళ్లే లుధియానా బోల్టుకు ఇప్పుడు జాతకం రాయాలి. ఏ కొలిమిలో పుట్టింది, ఎంత బొగ్గు తిన్నది. జాతకం లేదంటే వాళ్లే ఒకటి రాసి పెడతారు, అందులో శని పాలు కాస్త ఎక్కువ. దీని పేరు వాతావరణ దౌత్యం.

వసూలయ్యే సొమ్ము యూరప్ ఖజానాకే. నాకు నవ్వు రావడం ఇక్కడ ఆగిపోతుంది. రెండు వందల ఏళ్లు బొగ్గు కాల్చి ఆకాశాన్ని నింపిందెవరు? పేద దేశాలకు 2020 కల్లా ఏటా 100 బిలియన్ డాలర్లు సమకూరుస్తామని 2009లో కోపెన్‌హాగెన్‌లో మాటిచ్చిన సంపన్నుల్లో వీళ్లు లేరా? ఆ అంకె చేరింది 2022లో, అందులోనూ ఎక్కువ భాగం అప్పులే! ఇల్లు తగలబెట్టినవాడు నీళ్లకు అప్పిచ్చి వడ్డీ అడగడం ఎక్కడైనా విన్నామా? అదే 2022లో రష్యా గ్యాస్ తగ్గగానే జర్మనీ మూలపడిన బొగ్గు కేంద్రాలను మళ్లీ రాజేసింది. అది అవసరమట. మరి మన అవసరాన్ని ఏ కాలమ్‌లో రాయాలి?

బోల్టు ఫ్యాక్టరీ గుమస్తా ఆ కాలమ్ వెతుకుతూనే ఉంటాడు. బ్రస్సెల్స్‌లో ఈలోగా మళ్లీ పెట్టెలు సర్దుతుంటారు.